నోటీసు బోర్డు: పెట్టే చేయి, తీసే చేయి

(ఉమ్మడి స్థలాల నిర్వహణపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

గ్రంథాలయ సిబ్బంది, నివాస సంఘాల బాధ్యులు, కార్యాలయాల్లో పరిపాలన చూసేవారు కలిసి కూర్చున్న ఈ సభలో నోటీసు బోర్డు గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, ఇంత చిన్న వస్తువు గురించి చెప్పడానికి ఏముంటుందని ముందు నేనే సందేహించాను. తీరా రాసుకోవడం మొదలుపెట్టాక ఏం చెప్పాలన్నది కాక, ఏం వదిలెయ్యాలన్నది సమస్య అయింది. ముప్పై ఏళ్లకు పైగా గ్రంథాలయాల్లో పనిచేసినవాడిని కాబట్టి పుస్తకాల గురించి మాట్లాడటం నాకు అలవాటే. అయితే గ్రంథాలయానికి వచ్చే ప్రతి మనిషీ తప్పకుండా చదివేది, కనీసం చూసేది, ఏ పుస్తకాన్నో కాదు. గుమ్మం పక్కన వేలాడే ఆ పలకనే.

నేను మొదట ఉద్యోగంలో చేరిన చోట ఒక బోర్డు ఉండేది. మంచి చెక్కతో చేసిన చట్రం, అద్దాల తలుపులు, ఇత్తడి తాళం. లోపల పదకొండు కాగితాలు ఉన్నాయి. వాటిలో ఏడింటికి గడువు దాటిపోయింది. ఒకటి అంతకు ముందటి సంవత్సరపు సెలవుల జాబితా. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. బదిలీ అయిపోయిన ఒక ఉద్యోగి జేబులో వెళ్లిపోయి ఉంటుందని అందరి నమ్మకం. కొత్త నోటీసు వస్తే అద్దం మీద బయటి వైపున టేపుతో అంటించేవారు. ఆ విధంగా గతమంతా అద్దం లోపల భద్రంగా తాళం కింద ఉండేది, వర్తమానం మాత్రం బయట గాలికి రెపరెపలాడుతూ ఉండేది. చాలాకాలం దాన్ని తమాషాగా చెప్పుకున్నాను. ఆ తర్వాత పనిచేసిన ప్రతిచోటా అదే జబ్బు వేరు వేరు రూపాల్లో కనిపించేసరికి దాని గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

బోర్డు మీద ఏం పెట్టాలో అందరూ ఆలోచిస్తారు. పెట్టినదాన్ని ఎప్పుడు తీయాలో, ఎవరు తీయాలో ఆలోచించేవారు అరుదు. నా అనుభవంలో బోర్డు బతకడం, చావడం రెండో ప్రశ్న మీదే ఆధారపడి ఉంది. దీనికి కారణం చదివే మనిషి నడవడిలో ఉంది. బోర్డు ముందు నుంచి రోజూ వెళ్లే మనిషి ఆగి ప్రతి అక్షరమూ చదవడు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏమైనా మారిందా అని ఒక చూపు విసురుతాడు. మారిందనిపిస్తే అడుగు ఆగుతుంది. మారలేదని వరసగా పది రోజులు తేలితే పదకొండో రోజున ఆ చూపు కూడా విసరడు. ఆపైన అతడికి నిజంగా అవసరమైన కాగితం పెట్టినా అది గోడలో భాగమే. పాత కాగితం చేసే కీడు అది చోటు ఆక్రమించడం ఒక్కటే కాదు, పక్కనున్న కొత్త కాగితాన్ని కూడా పాతదాన్ని చేసేస్తుంది.

ఈ సంగతి పూర్వులకు తెలియనిదేమీ కాదు. ప్రాచీన రోమ్‌లో న్యాయాధికారిగా ఎన్నికైన ప్రేటర్, తన పదవీకాలంలో ఏయే ఫిర్యాదులను ఏ సూత్రాల ప్రకారం విచారిస్తాడో సంవత్సరం మొదట్లోనే సున్నంతో తెల్లగా చేసిన పలకల మీద రాయించి బహిరంగ స్థలంలో పెట్టించేవాడు. తెలుపు అనే అర్థమున్న మాట నుంచే ఆ పలకకు ‘ఆల్బమ్’ అన్న పేరు వచ్చింది. మనం ఫొటోలు దాచుకునే ఆల్బమ్‌కు మూలం ఆ తెల్ల పలకే. అతడి ఏడాది పదవితోపాటు ఆ ప్రకటన గడువూ ముగిసేది, తర్వాత వచ్చినవాడు తన ప్రకటన తాను పెట్టుకునేవాడు. కావాలని ఆ పలకను పాడుచేసినవారికీ రాతను మార్చినవారికీ భారీ జరిమానా ఉండేది. క్రీ.పూ. 59లో జూలియస్ సీజర్ కాన్సల్ అనే అత్యున్నత పదవిలోకి వచ్చిన వెంటనే సెనేట్ వ్యవహారాలనూ ప్రజాసభల వ్యవహారాలనూ రోజువారీగా ప్రకటించే ఏర్పాటు చేశాడు. ఆ దినచర్య ప్రకటనలకు నకళ్లు తీసి దూర రాష్ట్రాలకు కూడా పంపేవారు. రెండు వేల సంవత్సరాల కిందటే బోర్డుకు గడువు ఉంది, రక్షణ ఉంది, నకలు ఉంది. మన అద్దాల పెట్టె మీద అంటించిన కొత్త కాగితానికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

అదే రోమ్‌లో దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది. క్రీ.శ. 37 నుంచి 41 వరకు పాలించిన కలిగులా చక్రవర్తి కొత్త పన్నులు విధించి వాటిని చాలాకాలం రాతపూర్వకంగా ప్రకటించనే లేదు. తెలియక తప్పు చేసినవారు జరిమానాలు కట్టారు. జనం గొడవ చేశాక చివరికి ప్రకటన పెట్టించాడు గాని, ఎవరూ నకలు తీసుకోలేనంత చిన్న అక్షరాలతో, మనుషులు నిలబడడానికి వీల్లేనంత ఇరుకు చోట పెట్టించాడని చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు కొన్ని కార్యాలయాల బోర్డులు గుర్తుకొస్తాయి. అక్కడి అధికారులకు కలిగులా అంత దురుద్దేశం ఉండకపోవచ్చు. నలభై పేజీల ఉత్తర్వును పిన్ను కొట్టి, మొదటి పేజీ మాత్రమే కనిపించేలా, మెట్ల కింద చీకట్లో తగిలిస్తే ఫలితం మాత్రం కలిగులా కోరుకున్నదే అవుతుంది. “బోర్డులో పెట్టాం కదా” అన్న మాట ఉంది చూశారూ, అది చెప్పడం కోసం పుట్టిన మాట కాదు, రేపు ఎవరైనా అడిగితే తప్పించుకోవడం కోసం పుట్టిన మాట.

ఏథెన్స్ వాళ్లు చోటు విషయంలో చాలా తెలివిగా వ్యవహరించారు. నగర పౌరులను పది తెగలుగా విభజించి, ఒక్కొక్క తెగకు ఒక్కొక్క పురాణ వీరుడి పేరు పెట్టారు. అగోరా అనే నగర కూడలిలో ఆ పదిమంది విగ్రహాలనూ ఒకే పొడవైన దిమ్మె మీద వరసగా నిలబెట్టారు. సైన్యంలో చేరవలసినవారి జాబితాలను ఏ తెగ జాబితా ఆ తెగ వీరుడి విగ్రహం కింద ఉంచేవారు. కొత్తగా తేదలచిన చట్టాల ముసాయిదాలను కూడా సభలో చర్చకు రాకముందే అక్కడే ప్రదర్శించేవారు. తన కబురు ఎక్కడుంటుందో పౌరుడికి ముందే తెలుసు కాబట్టి మొత్తం దిమ్మె వెతుక్కోనక్కర్లేదు. మన బోర్డుల్లో ఈ చిన్న ఏర్పాటు ఎంత తక్కువ కనిపిస్తుందో గమనించండి. నీటి సరఫరా నిలిపివేత, పోయిన తాళాల గుత్తి, సంగీత తరగతులు, వార్షిక సమావేశపు పిలుపు, అద్దెకు గది అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఏ కబురు ఏ మూలన ఉంటుందో స్థిరపడితే, తన మూలను మాత్రమే చూసి వెళ్లే మనిషి కూడా ఏమీ కోల్పోడు.

రాయడంతో పని పూర్తికాదని బాగా గ్రహించినవాడు అశోకుడు. క్రీ.పూ. మూడో శతాబ్దంలో బండల మీదా స్తంభాల మీదా ధర్మాజ్ఞలు చెక్కించిన ఆ చక్రవర్తి, కళింగ ప్రాంతపు అధికారులను ఉద్దేశించి ధౌలి, జౌగడల్లో వేయించిన శాసనాల్లో, తిష్య (పుష్యమి) నక్షత్రం వచ్చే రోజుల్లోనూ వాటి మధ్య అనువైన సమయాల్లోనూ ఆ మాటలను చదివి వినిపించాలని, వినడానికి ఒక్కడే ఉన్నా వినిపించాలని ఆదేశించాడు. ఒక్కడే ఉన్నా అన్న ఆ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. చదవడం రానివారే ఎక్కువగా ఉన్న కాలంలో రాతిని నమ్ముకుంటే చాలదని, రాతి పక్కన ఒక గొంతు ఉండాలని ఆయనకు తెలుసు. కాందహార్‌లో 1958లో బయటపడ్డ శాసనం గ్రీకు, అరమాయిక్ భాషల్లో ఉంది. అక్కడి వాళ్లకు ఏ భాషలు వస్తాయో ఆ భాషల్లోనే చెక్కించాడన్నమాట. ఇంగ్లండులో 1837లో వచ్చిన చట్టం సరిగ్గా దీనికి ఎదురు దారి పట్టింది. అంతవరకు చర్చిలో ప్రార్థన సమయంలో చదివి వినిపిస్తూ వచ్చిన లౌకిక ప్రకటనలను ఇక చదవవద్దని, రాసి చర్చి తలుపు మీదనో తలుపు దగ్గరనో అతికిస్తే చాలని నిర్ణయించింది. ప్రార్థనకు భంగం తప్పింది, నిజమే. చదవడం రాని మనిషి సంగతి ఏమైందన్నది నా ప్రశ్న. ఈనాటికీ ఆ ప్రశ్న పోలేదు. చూపు లేనివారు, ఆ లిపి తెలియనివారు, పొరుగు ప్రాంతం నుంచి పనికి వచ్చినవారు మన ఉమ్మడి స్థలాల్లో ఉంటూనే ఉన్నారు. బోర్డు మీద ఎక్కిన ముఖ్యమైన సంగతిని గుమ్మం దగ్గర కూర్చునే ఉద్యోగికి నోటితో కూడా తెలియజేసి ఉంచితే, అడిగినవాడికి చెప్పడానికి ఒక గొంతు ఉంటుంది.

మన దేశంలో 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌ను నేను చాలామందికి చదివి వినిపిస్తుంటాను. చట్టం ప్రకారం ప్రదర్శించవలసిన నోటీసులు ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలని, ప్రధాన ద్వారం దగ్గర అందరికీ కనిపించే అనువైన చోట పెట్టాలని, వాటిని శుభ్రంగా, చదవడానికి వీలుగా ఉంచాలని అందులో ఉంది. మొదటి రెండు షరతులూ ఎవరైనా ఊహించగలిగినవే. మూడోది రాసినవారెవరో బోర్డులను దగ్గరగా చూసినవారై ఉండాలి. పెట్టేశాక చెయ్యి దులుపుకోవడం కుదరదని, ఉంచడం కూడా ఒక పనేనని చట్టం ఒప్పుకున్న చోటు అది.

ఇక తీయడం అనే పని దగ్గరకు వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి. మా గ్రంథాలయంలో కొన్నేళ్ల ప్రయత్నాల తర్వాత మేము స్థిరపరచుకున్న పద్ధతి ఇది. బోర్డు మీదకు వెళ్లే ప్రతి కాగితం కింది కుడి మూలన మూడు వివరాలు ఉండాలి. పెట్టిన తేదీ, తీసే తేదీ, బాధ్యుడి పేరు. తీసే తేదీ లేని కాగితాన్ని పెట్టనివ్వలేదు. చాలామంది మొదట విసుక్కున్నారు. “అవసరం తీరినప్పుడు మేమే తీసేస్తాం” అన్నారు. తీయరు. పోయిన గొడుగు దొరికినవాడు గొడుగు పట్టుకుని ఇంటికి వెళ్తాడే గాని, కాగితం తీయడానికి వెనక్కి రాడు. అది మనిషి లోపం కాదు, అవసరం తీరిన కాగితం మనసులోంచి జారిపోవడం సహజం. అందుకే తీసే బాధ్యతను పెట్టినవాడి జ్ఞాపకశక్తికి వదిలిపెట్టకుండా కాగితం మీదే రాయించాం.

రెండో సంగతి, తీసేవారు ఒక్కరే ఉండాలి. పదిమందిలో పాము చావదు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సిబ్బంది అందరూ చూసుకుంటారులే అని వదిలేసిన రోజుల్లో మా బోర్డు చెత్తబుట్టకు అన్నగారిలా ఉండేది. ఒక అటెండరుకు ఆ పని పేరు పెట్టి అప్పగించాక, ప్రతి శుక్రవారం సాయంత్రం మూసివేతకు పావుగంట ముందు అతడు బోర్డు ముందు నిలబడి తేదీలు చూసి గడువు దాటినవి తీసేసేవాడు. అతడు సెలవు పెడితే ఎవరు చేయాలో కూడా రాసిపెట్టాం. మూడు నెలలు గడిచేసరికి ఒక వింత మార్పు వచ్చింది. శుక్రవారం బోర్డు మారుతుందని పాఠకులకు తెలిసిపోయి, శనివారం ఉదయం వచ్చినవారు ముందు బోర్డు దగ్గర ఆగి ఆ తర్వాతే లోపలికి వెళ్లసాగారు. మేము కొత్తగా పెట్టింది ఏమీ లేదు, పాతవి తీసేశాం, అంతే.

తీయడం కష్టమైన చోట ఎవరూ తీయరు కాబట్టి, బోర్డును దేనితో చేయించాలన్న ప్రశ్న కూడా నిజానికి దీనికి సంబంధించినదే. కార్క్ ఎందుకు ఇంత కాలం నిలిచిందో చూడండి. అది మధ్యధరా సముద్ర తీరంలో పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. చెట్టును నరకకుండా దాదాపు తొమ్మిదేళ్లకు ఒకసారి బెరడును ఒలిచి తీస్తారు. ఆ బెరడంతా గాలి నిండిన సూక్ష్మ కణాల గూడు. పిన్ను గుచ్చితే కణాలు పక్కకు ఒదుగుతాయి, పిన్ను లాగేస్తే తిరిగి సర్దుకుని రంధ్రాన్ని చాలావరకు పూడ్చేస్తాయి. అంటే తీయడాన్ని మరిచిపోగలిగిన పదార్థం అది. ప్లైవుడ్ బోర్డు మీద స్టేప్లర్ కొట్టేవారిని నేను ఎప్పుడూ వారిస్తాను. కాగితం చిరిగి వస్తుంది, నాలుగు మూలల్లో నాలుగు కాగితపు ముక్కలూ నాలుగు ఇనుప తీగలూ మిగిలిపోతాయి. ఏడాది గడిస్తే బోర్డంతా తుప్పు పట్టిన ముళ్లకంపలా ఉంటుంది. 1900 ప్రాంతంలో అమెరికాలో ఎడ్విన్ మూర్ అనే ఆయన పట్టుకోవడానికి పిడి ఉన్న పుష్ పిన్నును తయారు చేశాడు. అంతవరకు వాడుతున్న బల్లపరుపు తల పిన్నులను ఊడదీయాలంటే గోళ్లు విరిగేవి. పిడి వచ్చాక గుచ్చడం ఎంత తేలికో తీయడం అంత తేలికైంది.

జిగురు సంగతి వేరే. బెర్లిన్‌లో పందొమ్మిదో శతాబ్దం నడుమ చెట్ల మీదా కంచెల మీదా ఇళ్ల గోడల మీదా ఎక్కడ చూసినా గోడపత్రికలు అతికించేవారు. ఎర్నెస్ట్ లిట్‌ఫాస్ అనే ముద్రాపకుడు నగర అధికారులతో ఒప్పందం చేసుకుని 1855లో పత్రికలు అతికించడానికే గుండ్రటి స్తంభాలు నిలబెట్టించాడు. ఆ స్తంభాలు ఈనాటికీ అతడి పేరుతోనే పిలువబడుతున్నాయి. అతికించవద్దని ఎన్ని గోడల మీద రాసినా ఆగని పని, అతికించడానికి ఒక మంచి చోటు చూపిస్తే చాలావరకు ఆగుతుంది. నివాస సంఘాల వారు లిఫ్టు తలుపుల మీద కాగితాలు అంటిస్తున్నారని నాతో మొరపెట్టుకుంటారు. లిఫ్టు పక్కనే బోర్డు ఉందా అని అడిగితే, వెనక వాకిలి దగ్గర ఉందంటారు. జనం లిఫ్టు కోసం నిలబడి ఉంటారు. నిలబడి ఉన్న మనిషే చదువుతాడు, నడిచిపోయే మనిషి చదవడు. లిఫ్టు ముందు, తాగునీటి కుళాయి పక్కన, వరస కట్టే కిటికీకి ఎదురుగా, అలాంటి చోట్లు బోర్డుకు తగినవి. బోర్డు ముందు ఇద్దరు ఆగినా మిగతావారికి దారి ఉండాలన్నది ఒక్కటే షరతు. కాగితం మండే వస్తువు కాబట్టి, అత్యవసర మార్గాల్లో గోడంతా కాగితాలతో నింపకూడదన్న జాగ్రత్త కూడా తీసుకోవాలి.

ఎత్తు గురించి, అక్షరాల గురించి క్లుప్తంగా చెబుతాను. బోర్డు నడిభాగం నేల నుంచి దాదాపు ఒకటిన్నర మీటరు ఉంటే నిలబడినవారికి సరిపోతుంది గాని, చక్రాల కుర్చీలో ఉన్నవారికీ పిల్లలకూ పై వరస అందదు. ముఖ్యమైనవాటిని కింది సగంలో పెట్టడం ఖర్చు లేని పరిష్కారం. పది అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తు ఉండాలన్నది బోర్డులు రాసేవారి లెక్క. ఆ లెక్క రోమన్ లిపికి పుట్టింది. తెలుగులో వత్తులు, గుడులు అక్షరం కిందా పైనా చేరతాయి కాబట్టి, అదే కొలతతో ముద్రిస్తే ‘స్త్ర’ లాంటి చోట ఏమీ కనిపించదు. పంక్తుల మధ్య ఎడం ఎక్కువ ఉండాలి, అక్షరం మరీ సన్నగానూ మరీ లావుగానూ ఉండకూడదు. ఎండ పడే చోట ఎరుపు, పసుపు రంగులు ముందు వెలిసిపోతాయి, నలుపు చాలాకాలం నిలుస్తుంది. ప్రమాదం అన్న మాటను మాత్రం ఎర్రటి సిరాతో ముద్రించి తక్కినదంతా నల్లగా ఉంచిన నోటీసు ఒకటి నాకు గుర్తుంది. కొన్ని నెలలకు ఆ ఒక్క మాటే మాయమై, చుట్టూ ఉన్న వివరాలన్నీ చక్కగా మిగిలాయి.

బోర్డు మీద కాగితం పెట్టే హక్కు ఎవరిది? చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఫ్రాన్సులో 1881 జూలై 29న వచ్చిన పత్రికా స్వేచ్ఛ చట్టం ప్రభుత్వ ప్రకటనలకు మాత్రమే తెల్ల కాగితం కేటాయించింది. ప్రైవేటు ప్రకటనలు రంగు కాగితం మీద వేసుకోవాలి. దూరం నుంచి చూడగానే ఏది ప్రభుత్వపు మాటో ఏది పౌరుడి మాటో తెలిసిపోతుంది. ఆ చట్టం తేదీని ప్రస్తావిస్తూ ‘ఇక్కడ అతికించరాదు’ అని రాసిన గోడలు ఆ దేశంలో ఇప్పటికీ కనిపిస్తాయి. అదే దేశంలో పౌరుల అభిప్రాయాలకూ లాభాపేక్ష లేని సంఘాల ప్రకటనలకూ ప్రతి పురపాలిక ఉచితంగా చోటు చూపించి తీరాలి. రెండు వేల లోపు జనాభా ఉన్న చిన్న పురపాలికైనా నాలుగు చదరపు మీటర్లు ఇవ్వాలి. అతికించవద్దన్న రాతకూ అతికించుకోవడానికి చూపించిన చోటుకూ మధ్య సంబంధం ఇక్కడ చట్టంలోనే ఉంది. చోటు చూపించకుండా రాత మాత్రమే పెడితే అది నిషేధం మాత్రమే అవుతుంది.

చోటు ఇచ్చి వెనక్కి తీసుకున్న ఉదాహరణ కూడా చూడాలి. బీజింగ్‌లో షీదాన్ ప్రాంతపు ఒక ఇటుక గోడ మీద 1978 చివరి నెలల్లో సామాన్య పౌరులు తమ ఫిర్యాదులనూ రాజకీయ అభిప్రాయాలనూ పెద్దక్షరాల్లో రాసి అతికించడం మొదలుపెట్టారు. దాన్ని ప్రజాస్వామ్య గోడ అన్నారు. 1979 డిసెంబరులో అధికారులు అక్కడ అతికించడాన్ని నిషేధించి, దూరంగా ఉన్న ఒక పార్కులో వేరే చోటు చూపించారు. అక్కడ అతికించాలంటే పేరు, చిరునామా నమోదు చేయించుకోవాలి. గోడపత్రికలు రాసుకునే హక్కును 1980లో రాజ్యాంగం నుంచే తొలగించారు. నేను ఇందాక ప్రతి కాగితం మీద బాధ్యుడి పేరు ఉండాలన్నాను, ఇప్పుడు పేరు అడగడం గోడను చంపిందంటున్నాను. ఇందులో వైరుధ్యం ఉందని మీలో కొందరు గమనించే ఉంటారు. ఉంది. సంగీత తరగతుల ప్రకటనకు పేరు కావాలి, ఎందుకంటే చదివినవాడు ఆ మనిషిని కలుసుకోవాలి. బోర్డు యజమాని మీదే ఫిర్యాదు రాసే మనిషి దగ్గర పేరు అడిగితే అతడు రాయడు. అందుకే ఫిర్యాదులకు బోర్డు పక్కన పెట్టె పెట్టి, వచ్చిన ఫిర్యాదునూ దానికి ఇచ్చిన జవాబునూ, రాసినవారి పేరు లేకుండా, బోర్డు మీద ప్రకటించడం మంచిదని నా అభిప్రాయం. జవాబు ఇవ్వలేని యాజమాన్యం పెట్టె పెట్టకపోవడమే నయం.

మనుషుల పేర్లు బోర్డెక్కే ఇంకో సందర్భం ఉంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోదలచినవారు ఇచ్చిన నోటీసు నకలును వివాహాధికారి కార్యాలయంలో ప్రస్ఫుటంగా కనిపించే చోట అంటించాలి. అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువు. ఎవరికీ తెలియకుండా రెండో పెళ్లి జరగకూడదన్న ఉద్దేశంలో తప్పు లేదు. పెద్దల ఇష్టానికి విరుద్ధంగా పెళ్లి చేసుకునే ఇద్దరికి ఆ కాగితమే ప్రమాదమయ్యే పరిస్థితి కూడా అంతే నిజం. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు అలాంటి నోటీసు ప్రకటించాలో వద్దో జంట ఇష్టానికి వదిలేయాలని తీర్పు చెప్పింది. చట్టం మాట అలా ఉంచి మన స్థాయికి దిగితే, నిర్వహణ రుసుము బకాయిపడినవారి పేర్లను గుమ్మంలో అంటించే అలవాటు చాలా సంఘాల్లో ఉంది. ఇది వసూలుకు పనికొస్తుందని వాదించేవారిని నేను చూశాను. పనికొస్తుందేమో. అయినా నేను దాన్ని సమర్థించను. బోర్డు ఒక స్థలంలో ఉండే అందరితో మాట్లాడటానికి ఉద్దేశించినది. ఒక్క మనిషికి చెప్పవలసినదాన్ని అందరికీ చూపిస్తే అది సమాచారం కాదు, శిక్ష. ఆ ఇంటి పిల్లలు బడికి వెళ్తూ దాన్ని చదువుతారు.

సెల్‌ఫోన్లు వచ్చాక బోర్డు ఎందుకని అడిగేవారున్నారు. ఫోను మనిషికి కబురు చేరుస్తుంది, బోర్డు స్థలానికి కబురు చేరుస్తుంది. ఫోను గుంపులో మీ నంబరు లేకపోతే మీరు లేరు. నిన్ననే అద్దెకు దిగినవాడు, పని మీద ఒక్కపూట వచ్చినవాడు, పక్క వీధి పిల్లవాడు, ఫోను లేని ముసలమ్మ, వీళ్లెవరి నంబరూ గుంపులో ఉండదు గాని వీళ్లందరూ గుమ్మం దాటే వస్తారు. కరెంటు పోయినప్పుడు ఈ తేడా మరీ స్పష్టమవుతుంది. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపమూ సునామీ వచ్చినప్పుడు ఇషినోమాకి పట్టణంలోని స్థానిక పత్రిక ఇషినోమాకి హిబి షింబున్ అచ్చు యంత్రాలు పనిచేయలేదు. ఆ పత్రిక సిబ్బంది పెద్ద కాగితాల మీద లావు కలాలతో చేత్తో వార్తలు రాసి, ఆరు రోజుల పాటు శరణాలయాల గోడల మీద అంటించారు. అక్కడ జనం ఆ కాగితాల ముందు నిలబడి చదువుకున్నారు. అదే దేశపు రైల్వే స్టేషన్లలో ఒకప్పుడు ప్రయాణికుల కోసం నల్లబల్లలు ఉండేవి. స్నేహితుడి కోసం ఎదురుచూసి విసిగిన మనిషి ‘నేను ముందు వెళ్తున్నాను’ అని సుద్దముక్కతో రాసి వెళ్లేవాడు. కొన్ని గంటలు దాటితే స్టేషను సిబ్బంది దాన్ని చెరిపేసేవారు. సెల్‌ఫోన్లు వ్యాపించాక ఆ బల్లలు పోయాయి. పోయినందుకు నేను బాధపడను, వాటి పనిని ఫోను ఇంకా బాగా చేస్తోంది. ఆ బల్లకు ఉన్న గడువును మాత్రం మెచ్చుకుంటాను. కబురు ఎంతసేపు బతుకుతుందో రాసేవాడికీ తెలుసు, చదివేవాడికీ తెలుసు.

తీసేసిన కాగితాలను ఏం చేయాలని ఇందాక విరామంలో ఒకరు అడిగారు. మేము పారేయలేదు. ఒక అట్టఫైలు కొని, తీసిన తేదీ వేసి, మూడు నెలలపాటు అందులో ఉంచేవాళ్లం. గడువు దాటిందని తీసేసిన వారం తర్వాత ఒక పెద్దాయన వచ్చారు. చూపు తగ్గినవారికి పుస్తకాలు చదివి వినిపిస్తానని ఎవరో అమ్మాయి పెట్టిన కాగితం కోసం అడిగారు. రెండుసార్లు వచ్చి చూశారట, అడగడానికి మొహమాటపడ్డారట, మూడోసారి వచ్చేసరికి కాగితం లేదు. మా అటెండరు ఫైలు తెచ్చి వెతికి, ఆ కాగితం బయటికి లాగాడు. కింద నంబరు రాసిన తోకలు రెండు మిగిలి ఉన్నాయి. పెద్దాయన ఒకటి చింపుకున్నారు. రెండోది ఉండనీ అన్నారు. అటెండరు ఆ అమ్మాయికి ఫోను చేసి ఇంకా చదువుతోందా అని కనుక్కుని, మూలనున్న తీసే తేదీ కొట్టేసి కొత్త తేదీ వేసి, కాగితాన్ని మళ్లీ బోర్డుకు గుచ్చాడు.